అయిదో సంచి

పోయిన వారం రిబ్కాను తండ్రి ఎదుట నిలబెట్టి మనం వచ్చేశాం. మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కారేపల్లి దాటి టేకులపల్లి అడవి వైపు పోతుంటే తేనెవాగు అని ఒక ఊరు. వందేళ్ళ కిందట ఒక దొరసాని అక్కడ ఒక చర్చీ, దాని పక్కన అడవి గూడేల ఆడపిల్లల కోసం ఒక హాస్టలూ కట్టించింది. దొరసాని ఏనాడో పోయింది, హాస్టల్ నిలిచింది. ఇవాళ అందులో నలభై ఇద్దరు పిల్లలున్నారు. రిబ్కా వాళ్ళకు వార్డెను. రోడ్డు వెడల్పు చేశాక ఆ స్థలం ధరకు రెక్కలొచ్చాయి. హాస్టల్ మూసేసి, ఫంక్షన్ హాలు కట్టుకునేవాళ్ళకు స్థలం లీజుకిచ్చేద్దామని సంఘాన్ని ఏలే అయిదుగురు పెద్దలు అనుకున్నారు. అయితే సంఘం ఆస్తి కదపాలంటే అయిదుగురూ సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా కాగితం చెల్లదు. దొరసాని పోతూ పోతూ రాసిపెట్టిన నిబంధన అది.

ఆ అయిదుగురిలో ఒకరు, రిటైర్డ్ సర్వేయరు, మొన్న చలికాలంలో, సంతకాలు పడకముందే కన్నుమూశారు. మిగతా నలుగురి గడువు కూడా ఈ ఏప్రిల్‌తో తీరింది. ఆదివారం చీటీలు తీసి కొత్త కమిటీని ఎన్నుకుంటారు. సర్వేయరు కుర్చీలోకి ఒక్క మంచి మనిషి వచ్చినా చాలు, పిల్లలు రోడ్డున పడరని రిబ్కా ఆశ. ఆ ఆశతోనే శనివారం మధ్యాహ్నం ఇంటికి వస్తే తండ్రి యేసుదానం ఆమె మొహం వైపు చూడకుండా, "చీటీల మీద ఆశ పెట్టుకోకు బిడ్డా" అన్నాడు.

ఎందుకని అడిగింది రిబ్కా. ఆయన బల్ల వైపు చూశాడు. బల్ల మీద తెల్లకాగితం సన్నగా కత్తిరించిన ముక్కలున్నాయి, పక్కన కత్తెర, పెన్ను. యేసుదానం మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయినవాడు. ముప్పయ్యేళ్ళుగా సంఘం రికార్డులన్నీ ఆయనే రాస్తాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు, ఎన్నికల చీటీలు, అన్నీ. అందుకు ప్రతిఫలంగా చర్చి వెనక రెండు గదుల క్వార్టర్లో తండ్రీకూతుళ్ళను ఉండనిస్తున్నారు.

ఈ చీటీల సంగతి కాస్త చెప్పాలి. తేనెవాగు సంఘంలో ఓట్లు లేవు. ఓట్లంటే వర్గాలు, వర్గాలంటే కొట్లాటలు అని పాతకాలపు పెద్దలు వాటి జోలికి పోలేదు. అపొస్తలులే చీట్లు వేసి మనిషిని ఎన్నుకున్నప్పుడు మనకు ఓట్లెందుకన్నారు. సంఘంలో అయిదు వాడలు. వాడవాళ్ళు కూర్చుని ఎనిమిది పేర్లు ఇస్తారు. ఎనిమిది చీటీలు రాసి వాడకో గుడ్డసంచిలో వేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక పదేళ్ళు నిండని పిల్ల ఒకతె కళ్ళు మూసుకుని సంచికో చీటీ తీస్తుంది. తీసిన పేరు దేవుడు ఎన్నుకున్న పేరు. కాదనడానికి ఆ మనిషికి కూడా హక్కు లేదు. మిగిలిన ఏడు చీటీలను విప్పకుండానే టీ కాచే పొయ్యిలో వేసేస్తారు. దేవుడు పక్కన పెట్టిన పేర్లను మనుషులు చదవకూడదట. వినడానికి ఎంత బాగుందో చూశారా. ఇరవై ఏడేళ్ళుగా ఆ సంచుల్లోంచి అవే అయిదు ఇళ్ళ పేర్లు వస్తున్నా, దేవుడికి వాళ్ళంటే అంత గురి కాబోలు అనుకుని జనం దణ్ణం పెట్టుకుంటూ ఇంటికి పోతున్నారు.

"సంచిల ఉన్న ఎనిమిది చీటీలల్ల ఒక్కటే పేరు ఉంటది బిడ్డా," అన్నాడు యేసుదానం. "ఏది తీసినా గదే వస్తది. సంచికో పేరు. నేనే రాస్తున్న."

రిబ్కాకు మొదట నవ్వొచ్చింది. ముసలితనంలో ఏదో పీడకల కని చెబుతున్నాడనుకుంది. తర్వాత ఆయన చేతులు చూసింది. ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, తప్పు చేసి దొరికిన బడిపిల్లాడి చేతుల్లా. అప్పుడు నమ్మింది.

ఎప్పటినుంచి అని అడిగింది. ఇరవై ఏడేళ్ళ నుంచి అన్నాడు. ఆ లెక్క రిబ్కాకు వేసుకోవలసిన పని లేదు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు కళ్ళు మూసుకుని సంచుల్లో చెయ్యి పెట్టిన పిల్ల ఆమే. అమ్మ తెల్లగౌను ఇస్త్రీ చేసి వేసింది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకు ఒక చీటీ తనంతట తానే తగిలిందని, దేవుడే అందించాడని ఆ పిల్ల ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది. అమ్మ ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దును రిబ్కా ఇన్నేళ్ళూ దాచుకుంది. సాయంత్రం పూట హాస్టల్ పిల్లలకు ప్రార్థన చెప్పేటప్పుడు, దేవుడున్నాడని తనకెలా తెలుసో చెప్పడానికి ఆ కథే చెబుతుంది.

"నా చేత గూడ చేయించినవా నాయినా," అంది.

యేసుదానం తల వంచుకునే అంతా చెప్పుకొచ్చాడు. అంతకుముందు చీటీలు నిజమైన చీటీలే. ఒకసారి సమ్మయ్య అనే బండి తోలుకునే మనిషి పేరు వచ్చింది. చదువు రానివాడు కదా, మూలన కూర్చుని తలాడిస్తాడులే అనుకున్నారు. వాడు మొదటి మీటింగులోనే, సంఘం మాగాణి ఏళ్ళ తరబడి ఇద్దరి చేతిలోనే ఎందుకుందని అడిగాడు, దున్నేవాళ్ళకు ఇద్దామన్నాడు. మూడేళ్ళు ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యలేదు. పెద్దలకు దేవుడి మీద గురి సడలింది. అదే సమయంలో రిబ్కా తల్లి మహిమకు రక్తం పోవడం మొదలై ఆగలేదు. వరంగల్ దవాఖానాకు తీసుకుపోవాలంటే ఊళ్ళో జీపు ఆ పెద్దల్లో ఒకడైన శాంతికుమార్‌ది ఒక్కటే. అడిగిన వెంటనే జీపు ఇచ్చాడు, తానూ వెంట వచ్చాడు, నాలుగు రోజులు దవాఖానా వరండాలో పడుకున్నాడు. తిరిగి వచ్చాక, ఎన్నిక ముందు రోజు, ఒక్క మాట అడిగాడు.

"మీ అమ్మ ఇంకో ఆరేండ్లు బతికింది," అన్నాడు యేసుదానం. "గా ఆరేండ్లు నేను ఎట్ల కొనుక్కున్ననో నీకు చెప్పలేకపోయిన."

రిబ్కాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది. పోయిన నెల హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు సోషల్ పాఠం చెబుతుంటే దుర్గ అనే పిల్ల, కొద్దిమంది పాలన అంటే ఏంది టీచర్ అని అడిగింది. రిబ్కా ఎక్కడో సముద్రాల అవతల, రెండు వేల ఏళ్ళ కిందటి పట్టణాల పేర్లు చెప్పింది. రాజు ఒక్కడు, జనం అందరూ, వీళ్ళిద్దరికీ మధ్య పదిమంది గొప్పింటివాళ్ళు కూర్చుని ఏలడం అంది. చెబుతున్నంతసేపూ కిటికీలోంచి ఎదురుగా చర్చి ఆఫీసు గది కనబడుతూనే ఉంది. కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలి సముద్రాలు దాటిపోయినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

అరవాలనుకుంది. అందరినీ పిలిచి చెప్పేద్దామనుకుంది. చెబితే ఎవరి మీద రాయి పడుతుంది? రాసిన చెయ్యి డెబ్బై నాలుగేళ్ళ ఈ ముసలాయనది. రాయించినవాళ్ళ మీద ఒక్క ముక్క ఆధారం లేదు, అంతా ఎప్పటికప్పుడు పొయ్యిలో పోయింది. రేపు ఈ గదుల్లోంచి కూడా వెళ్ళగొడతారు. పైగా చీటీలు చెల్లవంటే కొత్త కమిటీ లేదు, పాత నలుగురే కొనసాగి అయిదో కుర్చీలో తమవాణ్ణే కూర్చోబెట్టుకుంటారు, హాస్టల్ గతి అదే అవుతుంది. ఇలా అటూ ఇటూ ఆలోచించి రిబ్కా ఒక బేరానికి దిగింది. ఆమె కాలు జారింది అక్కడే అని నేనంటాను, మీరు కాదనవచ్చు.

నాలుగు సంచులు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు రాసుకోనీ అంది. అయిదో సంచి, తమ చర్చి వాడ సంచి ఒక్కటి నిజంగా రాయమంది. ఎనిమిది పేర్లు, ఎనిమిది చీటీలు. ఆ ఎనిమిదిమందిలో అయిదుగురు హాస్టల్ మూయడానికి చచ్చినా ఒప్పుకోరు. వాళ్ళలో రిబ్కా కూడా ఒకతె, వాడవాళ్ళు బలవంతం చేస్తే చివరి పేరుగా తన పేరు ఇచ్చింది. మిగతా ముగ్గురిలో చనిపోయిన సర్వేయరు కొడుకు రమణ ఉన్నాడు. ఆ సంచి నిండా అతని పేరే రాయమని శాంతికుమార్ నిన్ననే చెప్పి పోయాడట.

"ఎనిమిదిల అయిదు మనయే నాయినా. గంత మాత్రం దేవునికి వదిలిపెడదాం," అంది రిబ్కా.

యేసుదానం ఒక కాగితం ముక్క ముందుకు లాక్కున్నాడు. సరేనని పెన్ను తీశాడు. గోపాలు అని ఒకటి రాశాడు. మనోజ్ఞ అని ఇంకొకటి రాశాడు. ఇంతలో హాస్టల్లో నాలుగు గంటల బెల్లు మోగింది, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళయింది. రిబ్కా తండ్రి భుజం మీద చెయ్యి వేసి, తర్వాత మాట్లాడుకుందామని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన తొందరగా పడుకున్నాడు.

ఆదివారం ఉదయానికే ఎండ మండిపోతోంది. చర్చి నిండింది, ఫ్యాన్లు వేడిగాలిని అటునుంచి ఇటు తోస్తున్నాయి. బయట, చెప్పులు విడిచే చోట రేకుల షెడ్డు కింద గూడేల నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూర్చున్నారు. వాళ్ళ దేవతలు వేరు, ఈ సంఘంలో వాళ్ళకు మాట లేదు. వాళ్ళ పిల్లల సంగతి లోపల తేలుతుంది కాబట్టి వచ్చారు. మూసేస్తారన్న కబురు ముందే చేరింది. కొందరు పిల్లల ట్రంకుపెట్టెలు తెచ్చి ఆటోల్లో ఎక్కించేశారు కూడా. జంపక్క ఒక్కతి కూర్చోలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. దుర్గ తల్లి ఆమె. దుర్గ వచ్చే ఏడాది పదో తరగతికి రావాలి. హాస్టల్ లేకపోతే మిరపచేలల్లో కూలికి పోతుంది, ఏడాది తిరిగేలోగా ఎవరింటికో కోడలవుతుంది. జంపక్కకు కూడా పదిహేనో ఏటే పెళ్ళయింది. బిడ్డకు అది తప్పించాలనే అడవిలోంచి పదమూడు కిలోమీటర్లు నడిపించి తెచ్చి ఇక్కడ వేసింది.

ఆరాధన అయింది. ఆరు నెలల కిందట బదిలీ మీద వచ్చిన పాస్టరు జోయెల్ ప్రార్థన చేశారు. మూడేళ్ళకోసారి మారే పాస్టర్లకు ఇక్కడ ప్రార్థన చేయడం వరకే పని. స్తుతి అనే ఎనిమిదేళ్ళ పిల్లను ముందుకు తెచ్చారు. తెల్లగౌనులో ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంటుంటే రిబ్కా చూడలేక నేల వైపు చూసింది.

మొదటి సంచిలోంచి శాంతికుమార్ పేరు వచ్చింది. ఎరువుల దుకాణం, రెండు వరికోత మిషన్లు ఉన్న మనిషి. గొంతెత్తి మాట్లాడటం ఎవరూ వినలేదు. పేరు వినగానే చేతులు జోడించి ఆకాశం వైపు చూశాడు, ఆశ్చర్యపోయినవాడిలా. రెండో సంచి, మూడో సంచి, నాలుగో సంచి, అన్నీ పాత పేర్లే. చీటీ తీసిన ప్రతి సంచినీ మిగిలిన చీటీలతో సహా శాంతికుమారే తీసుకుపోయి వెనక పొయ్యిలో వేసి వస్తున్నాడు.

అయిదో సంచి దగ్గరికి వచ్చేసరికి రిబ్కా ముందు బెంచీ పట్టుకుంది. గోపాలు రావాలి, మనోజ్ఞ రావాలి, ఎవరైనా సరే రమణ రాకూడదు అనుకుంటోంది. చీటీ విప్పిన పాస్టరు ఒక క్షణం ఆగి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"రిబ్కా."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారి గుసగుస లేచి పెద్దదయింది. ఆ కమిటీలోకి ఇంతవరకు ఒక్క ఆడమనిషి రాలేదు. పక్కనున్నామె రిబ్కాను కావిలించుకుని ఏడ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎనిమిదింటిలో ఒకటి, అందులోనూ తన పేరు. ఇరవై ఏడేళ్ళు మనుషులు నోరు నొక్కిన దేవుడు సందు దొరకగానే తన పేరే పలికాడనుకుంది రిబ్కా. నిన్న మధ్యాహ్నం పోయిందనుకున్న నమ్మకం తిరిగి వచ్చి ఒళ్ళంతా నిండింది. ఆ నాలుగు నిమిషాలు ఆమె ఎంత సంతోషంగా ఉందో, జన్మలో అంతకుముందు లేదు. ముందు వరసలో యేసుదానం తల దించుకుని తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆనందబాష్పాలనుకుంది పిచ్చిది.

అప్పుడు ఆమె గమనించవలసిన సంగతి ఒకటి ఉంది, గమనించలేదు. అయిదో సంచి పట్టుకుని వెనక్కి వెళ్ళిన శాంతికుమార్ పొయ్యి దాకా పోలేదు.

కొత్త కమిటీ మొదటి మీటింగు ఆ వెంటనే, ఆఫీసు గదిలో. బల్ల చుట్టూ అయిదు కుర్చీలు. మధ్యలో టైపు చేసిన కాగితం, జూన్ నుంచి హాస్టల్ మూసివేతకూ స్థలం లీజుకూ అయిదుగురి సమ్మతి అని. కింద అయిదు గీతలు. ముగ్గురు చకచకా సంతకాలు పెట్టేశారు, శాంతికుమార్ నాలుగోవాడు. రిబ్కా నిలబడే, తాను పెట్టనని చెప్పింది. అయిదుగురూ ఒప్పుకోనిదే చెల్లదని నిబంధన ఉంది కాబట్టి ఈ సంగతి ఇక్కడితో అయిపోయిందని కూడా చెప్పింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

శాంతికుమార్ మిగతా ముగ్గురినీ టీ తాగి రమ్మన్నాడు. వాళ్ళు మారుమాట లేకుండా లేచిపోయారు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, జేబులోంచి గుడ్డసంచి తీసి బల్ల మీద బోర్లించాడు. ఏడు చీటీలు పడ్డాయి.

"విప్పు తల్లీ," అన్నాడు.

రిబ్కా ఒకటి విప్పింది. రిబ్కా అని ఉంది. రెండోది విప్పింది. రిబ్కా. మూడోదీ అదే. మిగతా నాలుగూ శాంతికుమారే ఓపిగ్గా విప్పి, ముడతలు అరచేత్తో సాపుచేసి వరసగా పెట్టాడు. ఏడింటి మీదా ఆమె పేరే. ఆమెకు అక్షరాలు దిద్దబెట్టిన చేతిరాత అది, పొరబడే వీలు లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుణ్ణి అడిగినవాళ్ళే లేరు.

"నేను రమణ పేరు రాయమన్న. నీ పేరు సదివినప్పుడే నాకు సమజైంది," అన్నాడు శాంతికుమార్. గొంతులో కోపం లేదు, పిల్లలకు సర్దిచెప్పే పెద్దవాడి గొంతు. "నీకు తెల్వకనే రాసుంటడు, నేను నమ్ముత. మంది నమ్ముతరా?"

మంది ఏం నమ్ముతారో ఆయన తొందర లేకుండా చెప్పుకొచ్చాడు. మిగతా నాలుగు సంచులూ బూడిదయ్యాయి, వాటి గురించి ఎవరేమన్నా గాలికి పోయే మాటలే. మిగిలినది ఇదొక్కటే. రికార్డులు రాసే తండ్రి కూతుర్ని గెలిపించుకోవడానికి దేవుడి సంచిలో దొంగచీటీలు వేశాడు, ఇవిగో ఏడు. ఇరవై ఏడేళ్ళ మోసంలో రుజువుకు నిలిచేది రిబ్కా పేరున్న మోసం ఒక్కటే. రేపు ఆమె నోరు తెరిచి ఎంత నిజం చెప్పినా, దొరికిపోయిన దొంగ ఊరందరినీ దొంగలంటోందనే అంటారు. చీటీ రద్దవుతుంది, రమణ వస్తాడు, సంతకం పడుతుంది. యేసుదానాన్ని సంఘం నుంచి వెలివేస్తారు. చచ్చాక మహిమ పక్కన ఆరడుగుల చోటు కూడా దొరకదు.

"అట్ల నేను కోరుకుంటలేను," అన్నాడు. "ఈ అయిదుగురు లేకపోతే గీ చర్చి పైకప్పు ఎప్పుడో కూలేది. మంది చేతిల పెడితే నాలుగు దినాలల్ల నాలుగు ముక్కలైతది. నువ్వు సదువుకున్నదానివి, నీకు ఎరుకే. కూర్చో తల్లీ. ఆ కుర్చీ నీదే, సచ్చేదాక నీదే."

ఆ మాటలు ఆయన నటించి అనలేదు. అదే భయంకరం. తాను మంచివాణ్ణని శాంతికుమార్ మనస్ఫూర్తిగా నమ్ముతాడు. దవాఖానా వరండాలో నాలుగు రోజులు పడుకున్నదీ ఈ మనిషే.

రిబ్కా పిల్లల సంగతేమిటని అడిగింది. అడిగానని ఆమెకే తెలియదు. ప్రభుత్వ ఆశ్రమ బడులున్నాయి కదా అన్నాడాయన. అక్కడ సీట్లు లేవని ఇద్దరికీ తెలుసు. ఆలోచించుకోమని పెన్ను ఆమె ముందు పెట్టి, ఏడు చీటీలూ ఏరి జేబులో వేసుకుని బయటికి పోయాడు.

గదిలో ఒక్కతే మిగిలింది. ఇలాంటప్పుడు ఏడుపు వస్తుందంటారు, రాలేదు. సంతకం పెడితే నలభై ఇద్దరు పిల్లలు పోతారు. పెట్టకపోతే పిల్లలూ పోతారు, తండ్రీ పోతాడు. ఏ దారిన పోయినా దుర్గ మిరపచేలోకే చేరుతుంది. ఇంతకాలం ఎవరో అయిదుగురు అన్యాయం చేస్తున్నారని తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇవాళ ఆ అయిదుగురిలో తనూ ఒకతె.

కిటికీ చువ్వల అవతల ఎవరో నిలబడ్డారు. జంపక్క. చెమటకు మొహం మెరుస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె నవ్వగా రిబ్కా ఇదే చూడటం.

"పేరు వచ్చిందంట గద టీచరమ్మా. లోపలికెళ్ళి వచ్చినామె చెప్పింది," అంది. "మా దుర్గ పెట్టె ఆటోల పెట్టిన. దించుకోవచ్చునా? ఇగ పిల్లలకు భయం లేనట్టే గదా?"

లేదని చెప్పాలి. అసలు సంగతి చెప్పాలి. ఏ మాట మొదలుపెట్టినా చివరికి తండ్రి పేరు దగ్గరికే వచ్చి ఆగుతోంది. జంపక్క చువ్వలు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"అవ్," అంది రిబ్కా.

జంపక్క రెండు చేతులూ జోడించి, గబగబా షెడ్డు వైపు నడిచింది. కాసేపటికి బయట అలికిడి మొదలైంది. తల్లులు ఆటోల్లోంచి ట్రంకుపెట్టెలు దించుతున్నారు. ఒకరి పెట్టె ఒకరు పట్టుకుని హాస్టల్ మెట్లెక్కిస్తున్నారు. లోపల పిల్లలు పరుగెడుతున్న చప్పుడు వినబడుతోంది. రిబ్కా కిటికీ నుంచి కదలలేకపోయింది. ఇరవై ఏడేళ్ళు ఆ అయిదుగురూ ఇలాగే కిటికీలోంచి జనాన్ని చూసి ఉంటారు.

తలుపు తెరుచుకుంది. శాంతికుమార్ రెండు టీగ్లాసులతో వచ్చాడు. వెనక యేసుదానం. ఒక్క పూటలో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"మీ నాయినను గూడ తోల్కొచ్చిన," అన్నాడు శాంతికుమార్. "నా మాట వద్దు, ఆయననే అడుగు."

రిబ్కా తండ్రిని అడిగింది ఒక్కటే, ఎందుకలా రాశావని. ఎనిమిది పేర్లూ రాస్తానని మాటిచ్చావు కదా అంది. యేసుదానం గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు.

"రాసిన బిడ్డా. ఎనిమిదీ రాసిన. అండ్ల మూడు వాళ్ళయి ఉండె. ఎటువోయి ఎటు వస్తదోనని పానం కొట్టుకున్నది," అన్నాడు. "అన్నీ చింపి మళ్ళ రాసిన. దేవుని మీద వదిలేసే ధైర్యం నాకు లేకపాయె. నువ్వు ఉంటే హాస్టల్ ఉంటదనుకున్న."

ఇప్పుడేం చెయ్యమంటావని రిబ్కా అడగలేదు. ఆమె కళ్ళు అడిగాయి. బయట ఎవరిదో బరువైన పెట్టె మెట్ల మీద చేజారి పెద్ద చప్పుడయింది, వెంటనే ఆడపిల్లలు నవ్వారు. ముసలాయన ఆ నవ్వు వైపు ఒకసారి చూసి, కూతురి వైపు తిరిగాడు.

"పెట్టు బిడ్డా," అన్నాడు.

రిబ్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితాన్ని తన ముందుకు జరుపుకుని పెన్ను మూత తీసింది.